సీసీఆర్5ని తీసేస్తే హెచ్ఐవీకి మందు దొరికినట్టేనా?

రవళి_మైక్రో:
హెచ్ఐవీ కణంలోకి దూరాలంటే కణం పైనుండే సీడీ4 అనే ప్రోటీన్ ఒక్కటే చాలదు, తోడుగా అక్కడే ఉండే మరో ప్రోటీన్, సీసీఆర్5 గానీ సీఎక్స్‌సీఆర్4 గానీ కావాలని 1996లోనే తేలింది. సీసీఆర్5 జన్యువులో 32 డీఎన్ఏ అక్షరాలు ఎగిరిపోయిన ప్రతులు అమ్మ నుంచీ నాన్న నుంచీ వచ్చినవాళ్ళకి ఈ వైరస్ సోకడం చాలా అరుదు. ఉత్తర యూరప్‌లో నూటికి ఒకరు అలా ఉంటారు. బెర్లిన్‌లో తిమోతీ రే బ్రౌన్ అనే హెచ్ఐవీ రోగికి లుకేమియా (రక్త క్యాన్సర్) వస్తే అలాంటి దాత మూలకణాలే ఎక్కించారు. మందులు మానేసినా వైరస్ తిరిగి రాలేదు. 2020లో ఆయన్ని బలి తీసుకున్నది లుకేమియానే. ఇంత రుజువున్నా జన్యు సవరణకి ఎందుకు వెనకాడుతున్నారు?

గోదారి_డాక్టర్:
రవళి గారూ, ఒక్కరి కేసు చూసి తీర్మానించకండి. అదే జర్మనీలో, ఎసెన్‌లో, ఇంకో రోగికీ అలాంటి దాత కణాలే ఎక్కించారు. ఆయన ఒంట్లో ముందే ఉన్న, సీఎక్స్‌సీఆర్4ని వాడుకోగల వైరస్ విజృంభించింది. సీసీఆర్5ని అడ్డుకునే మారవిరాక్ అనే మందు రాసేముందు, రోగిలోని వైరస్ ఈ రెండింటిలో ఏ రిసెప్టార్‌ని (కణం పైనుండే ద్వారంలాంటి ప్రోటీన్‌ని) వాడుతోందో పరీక్ష చేయించేది ఇందుకే. పోనీ రెండూ తీసేద్దామంటే కుదరదు. సీఎక్స్‌సీఆర్4 లేకుండా చేసిన ఎలుక పిల్లలు బతకలేదు. రక్తాన్ని తయారుచేసే మూలకణాలు ఎముక మజ్జలో నిలబడాలంటే అది ఉండాల్సిందే. ఇంకో మాట: జెనీవా రోగి అని పిలిచే మరో హెచ్ఐవీ రోగికి మామూలు సీసీఆర్5 ఉన్న దాత కణాలే ఎక్కించారు, అయినా మందులు ఆపాక వైరస్ మళ్ళీ కనబడలేదు. మరి ఫలితం సీసీఆర్5 లేకపోవడం వల్లా, దాత కణాలు పాతవాటిని తుడిచిపెట్టడం వల్లా?

ఓరుగల్లు_బయోటెక్:
డాక్టర్ గారూ, మన దేశంలో ఎక్కువగా ఉన్నది హెచ్ఐవీలో సబ్‌టైప్ సి అనే రకం. అది దాదాపుగా సీసీఆర్5నే పట్టుకుని ఉంటుంది, సబ్‌టైప్ బి అంత తరచుగా సీఎక్స్‌సీఆర్4కి మారదు. ఎసెన్ భయం మనకి కొంచెం తక్కువే.

గోదారి_డాక్టర్:
తక్కువే, ఒప్పుకుంటాను. కానీ మూలకణాల మార్పిడిలో ప్రాణాలు పోతాయండీ. రోజూ మాత్ర వేసుకుని హాయిగా ఉద్యోగం చేసుకుంటున్న మనిషిని అందులోకి ఎలా నెట్టమంటారు? ఇక 2018లో చైనాలో హే జియాన్‌కుయ్ అనే శాస్త్రవేత్త పిండాల్లోనే సీసీఆర్5ని మార్చడం ఘోరం. హెచ్ఐవీ ఉన్నది తండ్రికి. వీర్యాన్ని శుద్ధి చేస్తే సరిపోయేదానికి ఆడపిల్లల జన్యువుల మీద చెయ్యి వేశాడు. సీసీఆర్5 లేనివాళ్ళకి వెస్ట్ నైల్ వైరస్ సోకితే జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువ.

రవళి_మైక్రో:
పిండాల విషయంలో నాదీ మీ మాటే. నేను అడిగేది రోగి సొంత టీ కణాలని (హెచ్ఐవీ దాడి చేసే రోగనిరోధక కణాలని) తీసి, సవరించి, మళ్ళీ ఎక్కించడం గురించి. అమెరికాలో 12 మందికి చేసి 2014లో ఫలితాలు ప్రచురించారు. కొందరికి మందులు ఆపి చూస్తే వైరస్ తిరిగొచ్చిన మాట నిజమే, కానీ సవరించిన కణాలు మిగతావాటికన్నా నెమ్మదిగా తగ్గాయి. ఆ దారి మూసేయకండి.