కీర ఎఫ్1: కణుపు కణుపుకూ పిందె, వేలంత కాగానే పసుపెక్కి ఎండిపోతోంది

తీగపందిరి (ప్రశ్న):

పాలీహౌస్‌లో కీర వేశాను. ప్యాకెట్ మీద "గైనోషియస్, పార్థినోకార్పిక్ ఎఫ్1" (ఎఫ్1 అంటే సంకర రకం) అని ఉంది. కాయ 16–18 సెం.మీ. దగ్గర కోసే పొట్టి రకం. తెలిసినవాళ్లు చూసి చెబుతారని వివరాలన్నీ ఇస్తున్నాను.

10 లీటర్ల కొబ్బరి పొట్టు సంచికి ఒక మొక్క. మొక్కకూ మొక్కకూ 30 సెం.మీ., వరసకూ వరసకూ 1 మీటరు. పై వైరు 2.2 మీటర్ల ఎత్తులో ఉంది. నాటి 32 రోజులైంది, మొక్క 20 కణుపులు దాటింది. రెండో కణుపు నుంచే కాయలు వదిలేశాను. మొదటి ఆరేడు నిగనిగలాడుతూ వచ్చాయి. ఇప్పుడు పదో కణుపు పైన ఆకు మూలకు రెండు మూడేసి పిందెలు పడుతున్నాయి గానీ 3–4 సెం.మీ. రాగానే కొస నుంచి పసుపెక్కి, ముడుచుకుని ఎండిపోతున్నాయి. నిలిచినవాటిలో కొన్ని ముచ్చిక దగ్గర సన్నగా, కొస దగ్గర ఉబ్బి ఆనపకాయలా తయారవుతున్నాయి.

నీళ్లు: గంటకు 2 లీటర్ల డ్రిప్పర్, ఉదయం 7 గంటలకు అరగంట, సాయంత్రం 6 గంటలకు అరగంట. ఎరువు: మూడు రోజులకోసారి మొక్కకు 2 గ్రాముల 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది). లోపల పగలు 33–34 డిగ్రీలు, రాత్రి 23–24.

పక్క తెరలు ఎత్తి తేనెటీగల్ని రానివ్వాలా? లేక బ్రష్‌తో పుప్పొడి అంటించాలా? మగ పూలు మాత్రం వెతికినా నాలుగైదుకు మించి లేవు.

పచ్చతోట:

పిందె దశలో పసుపెక్కి రాలిందంటే పరాగ సంపర్కం చాలలేదనే అర్థం అండీ. పొద్దున 9 లోపు మగ పువ్వు కోసి, రేకలు తీసేసి, ఆడ పువ్వు మధ్యలో అద్దండి. దాంతోపాటు లీటరు నీటికి 1 గ్రాము బోరాన్ కలిపి పిచికారీ చేస్తే పిందె నిలుస్తుంది.

కణుపులెక్క:

పచ్చతోట గారూ, మీరు చెప్పింది మార్కెట్‌మోర్ లాంటి ఆరుబయట రకాలకు సరిగ్గా సరిపోతుంది. ఈ ప్యాకెట్ మీద "పార్థినోకార్పిక్" అని ఉంది కదా, అంటే పుప్పొడి తగలకుండానే కాయ కట్టే రకం. దీనికి తేనెటీగ మేలు చేయదు సరికదా, పుప్పొడి తగిలితే లోపల గింజ కట్టి కాయ కొస ఉబ్బుతుంది. కాబట్టి తెరలు దించే ఉంచండి, బ్రష్ జోలికి పోకండి. బోరాన్ కూడా వద్దు. కీరకు కావలసిన బోరాన్‌కూ, విషమయ్యే బోరాన్‌కూ మధ్య దూరం చాలా తక్కువ. కొలత కాస్త తప్పినా ముదురాకుల అంచులు పసుపెక్కి మాడిపోతాయి.

ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి, చాలామంది తడబడేది దీని దగ్గరే. గైనోషియస్ వేరు, పార్థినోకార్పిక్ వేరు. గైనోషియస్ అంటే దాదాపు అన్నీ ఆడ పూలే పూసేది, అంతవరకే. అది పార్థినోకార్పిక్ కాకపోతే పుప్పొడి కావాల్సిందే. అందుకే అలాంటి ప్యాకెట్లలో మగ పూలు పూసే ఇంకో రకం గింజలు 10–15 శాతం కలిపి, రంగు వేసి ఇస్తారు. ఆ రంగు గింజలు వేరే మందు పట్టించినవనుకుని ఏరి పారేసేవాళ్లున్నారు. మీ ప్యాకెట్ మీద రెండు మాటలూ ఉన్నాయి కాబట్టి మీకు ఆ గొడవ లేదు. అక్కడక్కడా కనిపించే మగ పూలు వేడికీ ఒత్తిడికీ వస్తాయి, కనబడగానే తుంచేయండి.

ఇక అసలు సంగతి. ఈ రకానికి పిందె వేయడం ఆపడం చేతకాదు, ఆపే పని మనదే. మొక్కకు ఆరేడు ఆకులైనా లేనప్పుడు రెండో కణుపు నుంచే కాయలు మోయించారు. ఆకులు చేసిన చక్కెరంతా ఆ కాయలే తాగేశాయి. వేరుకు అందలేదు, తల చిగురుకు అందలేదు. కింద పెద్ద కాయలు వేలాడుతున్నంత కాలం పై పిందెలకు వాటా రాదు. చివరికి మొక్కే వాటిని వదిలించుకుంటుంది. మీరు చూస్తున్నది తెగులు కాదు, మొక్క తనంతట తాను చేసుకుంటున్న పలచన.

తల దగ్గరికి వెళ్లి చూడండి. విచ్చుకున్న పువ్వు చిగురుకు ఆనుకునే ఉందా? పై కాండం కింది కాండం కంటే బాగా సన్నబడిందా? కొత్త ఆకు అరచేయంత కూడా రావడం లేదా? ఈ మూడూ ఉంటే మొక్క అలసిపోయినట్టే.

ఇప్పుడు చేయాల్సింది: 14 సెం.మీ. దాటిన కాయలన్నీ ఈ రోజే కోసేయండి. వంకరవీ, కొస ఉబ్బి బుర్రలైనవీ ఏ సైజులో ఉన్నా తీసేయండి, అవి బాగుపడవు. ఎండిన పిందెల్ని కాండం మీద వదలకండి, బూడిద రంగు బూజు పట్టేది వాటి నుంచే, అక్కడి నుంచి కాండంలోకి దిగుతుంది. పై ఐదు కణుపుల్లో ఉన్న పిందెలు మొత్తం తుంచేయండి. చేయి రాదని తెలుసు, కానీ ఇది చేయకపోతే మిగతావేవీ పనిచేయవు. ఆ తర్వాత వచ్చే కణుపులకు ఒక్కో పిందె మాత్రమే ఉంచండి, రెండు మూడు ఉంటే ముచ్చిక లావుగా ఉన్నది నిలిపి తక్కినవి గోటితో గిల్లేయండి. పక్క కొమ్మలు 3–4 సెం.మీ. ఉన్నప్పుడే తీయాలి. నులితీగలు కూడా తీసేస్తే కాయల్ని చుట్టేసి వంకర చేయడం తప్పుతుంది.

వచ్చే పంటకు కింది ఐదారు కణుపులు, అంటే దాదాపు 50 సెం.మీ. ఎత్తు వరకు, పిందె, కొమ్మ ఏదీ ఉంచకండి. తల వైరుకు చేరాక వైరు పైన ఒక ఆకు వదిలి చిగురు తుంచి, పై రెండు పక్క కొమ్మల్ని వైరు మీదుగా కిందికి గొడుగులా వదలండి.

దూరం కూడా దగ్గరైంది. మీ లెక్కన చదరపు మీటరుకు 3 మొక్కలకు పైనే పడ్డాయి, 2–2.5 చాలు. ఇప్పుడు పీకనక్కర్లేదు. పైన 60–70 సెం.మీ. ఎడంగా రెండు వైర్లు లాగి, ఒక మొక్కను ఎడమ వైరుకు, పక్కదాన్ని కుడి వైరుకు కట్టండి. మధ్యలోకి వెలుతురు దిగుతుంది.

ఈసీమీటర్:

కణుపులెక్క గారు చెప్పిన కాయల బరువు సంగతి నిజమే. కానీ బుర్ర కాయల్ని పరాగం ఖాతాలో వేసే ముందు ఒక పరీక్ష చేయండి. ఐదారు కాయల్ని నిలువునా కోయండి. ఉబ్బిన చోట గింజలు నిండుగా, గోటికి గట్టిగా తగిలితే పుప్పొడి పని. గింజలు పలచటి తెల్లని పొరల్లా ఉండి కాయ మాత్రం ఉబ్బి ఉంటే పొటాష్ చాలలేదు, లేదా మధ్యాహ్నం వేరు ఎండింది. నత్రజని తక్కువైతే ఆకారం తిరగబడుతుంది, కొస సూదిగా, కాయ పాలిపోయి వస్తుంది.

మీ నీళ్ల లెక్క చూస్తే నాకు రెండోదే అనిపిస్తోంది. రోజుకు 2 లీటర్లు మరీ తక్కువేం కాదు, ఇచ్చే వేళలే తప్పు. 10 లీటర్ల కొబ్బరి పొట్టు 33 డిగ్రీల్లో ఉదయం 7:30 నుంచి సాయంత్రం 6 దాకా ఆగలేదు. మొక్క ఎక్కువగా తాగే సమయంలో సంచి ఎండుతుంది, తాగని రాత్రంతా తడిగా ఉంటుంది. ఎండిన ప్రతిసారీ ఉప్పు మిగులుతుంది.

అరగంటలు మానేసి 6 నిమిషాల చొప్పున ఇవ్వండి, అంటే ఒక్కోసారి 200 మిల్లీలీటర్లు. సూర్యోదయమయ్యాక గంటకు మొదలుపెట్టి, అస్తమయానికి రెండు గంటల ముందు ఆపండి. ఎండ రోజుల్లో 12–14 సార్లు, మబ్బు రోజు అందులో సగం. ఒక డ్రిప్పర్‌ను సీసాలోకి వదిలి, ఒక సంచి కింద పళ్లెం పెట్టండి. ఇచ్చినదానిలో 20–30 శాతం పళ్లెంలోకి దిగాలి, మొదటి చుక్క ఉదయం 10 లోపు కనబడాలి. ఆ దిగిన నీటి ఈసీ (నీటిలో కరిగిన ఉప్పులెంతో చెప్పే కొలత) కొలిచి ఇక్కడ చెప్పండి.

19-19-19 ఈ పద్ధతికి పనికిరాదు. అందులో కాల్షియం లేదు, మెగ్నీషియం లేదు, భాస్వరం అవసరానికి చాలా మించి ఉంది, పైగా నత్రజనిలో సగానికి పైగా సాధారణంగా యూరియా రూపంలోనే ఉంటుంది. కొబ్బరి పొట్టులో ఎరువు నీటితోపాటే ప్రతిసారీ వెళ్లాలి. 1000 లీటర్లకు నేను సరిపెట్టే లెక్క:

ఎ డబ్బా (10 లీటర్లు): కాల్షియం నైట్రేట్ 900 గ్రా., పొటాషియం నైట్రేట్ 500 గ్రా., 6 శాతం ఐరన్ చీలేట్ 30 గ్రా.

బి డబ్బా (10 లీటర్లు): 0-52-34 (మోనో పొటాషియం ఫాస్ఫేట్) 200 గ్రా., మెగ్నీషియం సల్ఫేట్ 400 గ్రా., సూక్ష్మ పోషకాల మిశ్రమం ప్యాకెట్ మీద చెప్పినంత.

100 లీటర్ల నీటికి ఎ నుంచి ఒక లీటరు పోసి బాగా కలిపాకే బి నుంచి ఒక లీటరు. చిక్కటి ద్రావణాల్ని నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే కాల్షియం వెళ్లి సల్ఫేట్‌నీ ఫాస్ఫేట్‌నీ పట్టుకుంటుంది. అడుగున సున్నంలాంటి తెల్లటి మడ్డి దిగి డ్రిప్పర్లు మూసుకుపోతాయి. నీటి సొంత ఈసీతో కలిపి 2.1–2.4 మధ్య వస్తుంది. పీహెచ్ 5.5–6.0కి దించండి.

ఆకు_అడుగున:

వేడి సంగతి ఎవరూ అనలేదు. కీరకు పగలు 24–28, రాత్రి 18–20 హాయి. రాత్రి 24 అంటే పగలు చేసుకున్న చక్కెరను శ్వాసలోనే కాల్చేసుకుంటోంది. అంటే కాయల బరువు మామూలు కంటే ఇంకా తగ్గించి మోయించాలి. 30–40 శాతం నీడ వల ఎండ ముదిరాక లాగి, 3 గంటలకు తీసేయండి. రోజంతా వేసి ఉంచితే వెలుతురు చాలక మళ్లీ పిందెలే ఎండుతాయి. పొగమంచు స్ప్రే ఉంటే మధ్యాహ్నం వరకే. ఆకు తడితో చీకటి పడితే బూజు తెగులు ఖాయం: పైన ఈనెల మధ్య కోణాలు కోణాలుగా పసుపు మచ్చ, కింద బూడిద-ఊదా రంగు బూజు. పైన పిండి చల్లినట్టుంటే అది బూడిద తెగులు, దానికి ఆకు మీద నీళ్లు నిలవనక్కర్లేదు, గాలి ఆడని గుంపు చాలు.

గాలి పొడిగా ఉంటే ఎర్రనల్లి. ఆకు మీద సూది పొడిచినట్టు సన్నటి పాలిపోయిన చుక్కలు కనబడితే వెంటనే ఆకు తిప్పి చూడండి.

కింది ఆకుల్లో కాయ కోసేసినవి వారానికి రెండు మూడు తీయొచ్చు. పైన 15 మంచి ఆకులు తగ్గకుండా చూసుకోండి. ఉదయం కోయండి, కాండానికి ఆనించి కోయండి, మొండి ముక్క వదిలితే కుళ్లుతుంది. మొక్కకూ మొక్కకూ మధ్య కత్తిని 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి.

తీగపందిరి:

ఆరు కాయలు కోశాను. ఐదింటిలో గింజ లేదు, తెల్లటి పొరలే. ఒకదానిలో మాత్రం ఉబ్బిన కింది సగంలో గింజలు గట్టిగా ఉన్నాయి. ఆ మొక్క తెర చిరిగిన మూలలో ఉంది. సంచి కింద దిగిన నీటి ఈసీ 3.9, ఇచ్చే నీరు వట్టిది 0.6. తల దగ్గర మీరు చెప్పిన మూడు గుర్తులూ ఉన్నాయి. 3.9ని వట్టి నీళ్లతో కడిగేయనా? ఈ కాయల్లోంచి గింజ దాచుకోవచ్చా?

ఈసీమీటర్:

వట్టి నీళ్లు వద్దు. వేరు ఒక్కసారిగా చిక్కటి నుంచి పలచటికి పడితే నీరు గబగబా లాక్కుని కాయ పగులుతుంది. ఎ, బి రెండూ సమానంగా, మామూలు కంటే బాగా తగ్గించి పోసి ఈసీ 1.2–1.3 వచ్చేలా చేసి, ఉదయం 8 నుంచి మధ్యాహ్నం లోపు మొక్కకు 4 లీటర్లు, పది నిమిషాల విడతల్లో ఇవ్వండి. దిగేది 2.8కి వచ్చాక ఆపి మామూలు ద్రావణానికి మారండి. ఆ తర్వాత ఇచ్చేదానికీ దిగేదానికీ తేడా 1 దాటితే ఎరువు పెంచకండి, విడతలు పెంచండి. పైపులు ఎండలో పడి ఉంటే మొదటి నీళ్లు వేడిగా వస్తాయి, వాటిని బయటికి వదిలాకే సంచులకు తిప్పండి.

కణుపులెక్క:

గింజ దాచుకోకండి. ఎఫ్1 నుంచి వచ్చేది తర్వాతి తరంలో గుణాలు చీలిపోయి తలా ఒక రకంగా మొలుస్తుంది, కొన్ని కాయలు చేదు కూడా కావొచ్చు. చిరిగిన మూల కుట్టేయండి.

తుంచిన రోజు నుంచి 8–10 రోజులు కోతకు ఏమీ దొరకదు, కంగారుపడి మళ్లీ ఏదో పిచికారీ చేయకండి. కొత్త ఆకు అరచేతిని దాటి, పువ్వుకూ చిగురుకూ మధ్య నాలుగు వేళ్ల ఎడం వచ్చాక కణుపుకు ఒక్క కాయ చొప్పున వదలండి. అప్పటి నుంచి కోత రోజు విడిచి రోజు, బాగా వేడిగా ఉంటే రోజూ. ఒక్క కాయ ముదిరి తీగ మీద ఉండిపోయినా పైన నాలుగైదు పిందెలు పోతాయి, ఆకుల చాటున వెతికి మరీ కోయండి.

పచ్చతోట:

ప్యాకెట్ మీది రెండో మాట నేను చదవలేదు, పొరపాటు నాదే. బోరాన్ ఇప్పటికే కొట్టి ఉంటే మళ్లీ కొట్టకండి.