అప్‌డేట్: అటక మీద దొరికిన బేస్‌బాల్ కార్డుల సంగతి

పోయిన నెల అడిగాను, గుర్తుందా? న్యూజెర్సీలో అమ్మావాళ్ల ఇల్లు సర్దుతుంటే నా చిన్నప్పటి 1987 టాప్స్ కంపెనీ కార్డుల (ఆటగాళ్ల బొమ్మలుండేవి) పెట్టె దొరికింది, అమ్మితే ఏమైనా వస్తుందా, ప్యాకెట్ మైనపు కాగితం నుంచి అంటిన మరకలు ఎలా పోతాయి అని.

ముందు మరకల మాట. పాత నైలాన్ స్టాకింగ్‌తో మెల్లగా రుద్దమన్నారు కదా, నిజంగానే పోయాయి! చెక్క పలకలాంటి ఆ అంచు మళ్లీ మెరిసింది. వెనకవైపు బబుల్‌గమ్ మరకలు మాత్రం పోలేదు. పోకపోయినా నాకు సంతోషమే. ప్యాకెట్ నలభై సెంట్లు, లోపల పదిహేడు కార్డులు, అప్పడంలా పటుక్కున విరిగే గులాబీ రంగు గమ్. శుక్రవారం ఆఫీసు నుంచి వస్తూ నాన్న తెచ్చేవారు. అన్నయ్యా నేనూ కార్పెట్ మీద పరుచుకుని బేరాలాడేవాళ్లం.

1987 జులైలో న్యూయార్క్ జట్టు యాంకీస్ ఆటగాడు డాన్ మ్యాటింగ్లీ వరసగా 8 మ్యాచుల్లో హోమ్ రన్లు (బంతిని మైదానం దాటించే దెబ్బలు) కొట్టాడు. క్రికెట్ తప్ప ఇంకో ఆట ఎరగని నాన్న టీవీ ముందు లేచి "సిక్సర్!" అని అరిచారు. మ్యాటింగ్లీ కార్డు మూలలు మా వేళ్లకే అరిగిపోయాయి.

ధర సంగతి మీరు చెప్పిందే నిజం. ఆ రోజుల్లో లెక్కకు మించి అచ్చేశారు, పెద్దగా రాదు. అమ్మడం లేదు. మొత్తం సెట్టు 792, మా దగ్గర పదకొండు తక్కువ. ఆ నంబర్లు నాన్న డైరీలో రాసుకున్నారు. శనివారం ఇద్దరం కార్డుల షాపుకి వెళ్తున్నాం.