స్మార్ట్ టూల్ ఒక్కటి చాలా, దేని పనికి దాని టూలే కావాలా?

రాత్రిమిక్స్:
ఈ మధ్య ఇద్దరికి ఆడియో ఎడిటింగ్ నేర్పుతున్నాను. మొదటి పాఠంలోనే స్మార్ట్ టూల్ ఆపేయించాను. అది తప్పని ఒక మిత్రుడు గట్టిగా వాదించాడు. ఇక్కడ తేల్చుకుందామని పెడుతున్నాను.

ప్రో టూల్స్ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్మార్ట్ టూల్ ఉన్నప్పుడు క్లిప్ (తెర మీద కనిపించే రికార్డింగ్ ముక్క) పై సగంలో మౌస్ పెడితే ఎంపిక, కింది సగంలో పెడితే క్లిప్పును పట్టి జరపడం, అంచుల దగ్గర కత్తిరింపు, పై మూలల్లో ఫేడ్ (శబ్దం మెల్లగా పెరగడం, తగ్గడం). ఆర్డోర్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లోని స్మార్ట్ మోడ్‌దీ దాదాపు ఇదే తీరు. ట్రాక్ (ఒక్కో మైకు రికార్డింగ్ ఉండే వరుస) ఎత్తు బాగా ఉంటే హాయిగానే ఉంటుంది. ముప్ఫై ట్రాకులను ఒకే తెరలో ఇరికించినప్పుడు ఆ సగం ఎంత? పది పిక్సెళ్లుంటే ఎక్కువ. లక్ష్యం చిన్నదయ్యే కొద్దీ అందుకోవడానికి ఎక్కువ సమయం పడుతుందని పాల్ ఫిట్స్ 1954లోనే సూత్రం కట్టాడు. మనం ఆ సమయం ఇవ్వం. ఎంపిక చేయబోయి క్లిప్పును మూడు మిల్లీసెకన్లు పక్కకు నెడతాం. ఒంటరి గొంతు అయితే ఎవరికీ తెలియదు. డ్రమ్స్‌కు పెట్టిన మైకులన్నీ ఒకే దెబ్బను పడతాయి కాబట్టి, వాటిలో ఒక్కదాని క్లిప్ అలా జరిగితే స్నేర్ అనే డ్రమ్ము శబ్దం పలచబడుతుంది. కారణం తెలియక ఈక్వలైజర్ తిప్పుతూ కూర్చుంటాం.

ఎంపిక మాత్రమే చేసే సెలెక్టర్ టూల్ చేతిలో ఉంటే క్లిప్పును కదపమన్నా కదపదు. ఎఫ్6 కత్తిరించే ట్రిమ్మర్, ఎఫ్7 సెలెక్టర్, ఎఫ్8 పట్టి జరిపే గ్రాబర్. మూడు మీటలు నేర్చుకోవడం అంత కష్టమా?

అడ్డగీత:
రాత్రిమిక్స్ గారూ, మీటలు నేర్చుకోవడం కష్టం కాదు. ఏ టూల్ చేతిలో ఉందో గుర్తుంచుకోవడమే కష్టం. బాగా జూమ్ చేసి పెన్సిల్ టూల్‌తో ఒక టప్పుమనే శబ్దాన్ని సరిచేస్తారు. ఇంతలో ఫోను మోగుతుంది. మాట్లాడి వచ్చి, చేతిలో ఇంకా పెన్సిలే ఉందని మరిచి వేవ్‌ఫామ్ (శబ్ద తరంగం బొమ్మ) మీదే ఒక గీత గీస్తారు. ఇది జరగని వారుంటే చెప్పండి, దండం పెడతాను.

కట్, కాపీ, పేస్ట్‌ల రూపకర్తల్లో ఒకడైన ల్యారీ టెస్లర్ ఇలాంటి మోడ్‌ల (ఒకే చర్యకు వేర్వేరు ఫలితాలిచ్చే స్థితుల) మీద జీవితాంతం యుద్ధం చేశాడు. కారు నంబరు పలక మీద కూడా ‘నో మోడ్స్’ అనే పెట్టుకున్నాడు. రీపర్ అనే సాఫ్ట్‌వేర్ నాకు నచ్చేది అందుకే. అందులో టూల్ ఎంచుకునే పనే లేదు. మౌస్ ఎక్కడుంది, ఏ మీట నొక్కి ఉంది అన్నదాన్ని బట్టే పని జరుగుతుంది. ఏ కలయికకు ఏ పనో సెట్టింగుల్లో మనమే మార్చుకోవచ్చు. మీరు భయపడుతున్న ఆ మూడు మిల్లీసెకన్ల కోసమే, ఒక మీట నొక్కి లాగితే తప్ప క్లిప్ కదలకుండా పెట్టుకున్నాను.

రాత్రిమిక్స్:
సెట్టింగులు మార్చుకున్నాక ఏదైనా బాగుంటుంది. కొత్తగా వచ్చినవారికి ఆ పట్టిక చూస్తేనే కళ్లు తిరుగుతాయి. పైగా నా మార్పులతో ఉన్న కంప్యూటర్ ముందు మరొకరు కూర్చుంటే?

కోతమాస్టరు:
ఇద్దరూ చిన్న దొంగ కోసం కొట్లాడుకుంటున్నారు. టూల్ తప్పితే తెర మీద కనిపిస్తుంది, వెంటనే అండూ కొడతాం. ఎడిట్ మోడ్ (కోసినప్పుడు, జరిపినప్పుడు మిగతా క్లిప్పులు ఏమవ్వాలో చెప్పే అమరిక) తప్పితే నష్టం తెర బయట జరుగుతుంది. ఆ నొప్పి నాకు తెలుసు.

52 నిమిషాల ఇంటర్వ్యూ. అడిగేవారిది ఒక ట్రాక్, అతిథిది మరొకటి. ఆరో నిమిషంలో అతిథి దగ్గు తీసేశాను. రిపుల్ (తీసిన ఖాళీని పూడ్చేలా తర్వాతదంతా ముందుకు జరిపే మోడ్) ఒక్క ట్రాకుకే ఆన్‌లో ఉంది. ఆ ట్రాకులో తర్వాతదంతా సుమారు సెకనున్నర ముందుకొచ్చింది, అడిగేవారి ట్రాక్ ఉన్నచోటే ఉంది. చూసుకోకుండా మరో గంట పనిచేసి, సేవ్ చేసి మూసేశాను. మర్నాడు వింటే ప్రశ్న పూర్తికాకముందే జవాబు! ఒకచోట అతిథి నవ్వేశాక జోకు వస్తుంది. అండూ చరిత్ర పోయింది.

అప్పటి నుంచి మోడ్ బటన్ చూడకుండా డిలీట్ నొక్కను. ప్రో టూల్స్‌లో ఈ పని చేసేది షఫుల్ మోడ్. కంట్రోల్, మ్యాక్‌లో అయితే కమాండ్, పట్టుకుని ఆ బటన్ మీద క్లిక్ చేస్తే తాళం పడుతుంది, పొరపాటున అందులోకి వెళ్లలేం. ఆర్డోర్‌లో రిపుల్‌కు ‘ఇంటర్వ్యూ’ అనే రకమే ఉంది. ఒక్క ట్రాకులో కోస్తే ఏదీ జరగదు, ఒకటికి మించి ట్రాకులు ఎంచి కోస్తేనే జరుగుతుంది. దగ్గు తీసి ఖాళీ ఉంచాలి, ప్రశ్నా జవాబూ కలిపి తీస్తే దగ్గరకు లాగాలి. అది రాసినవారు ఎప్పుడో నాలాగే ఏడ్చి ఉంటారు.

అడ్డగీత:
స్పాట్ మోడ్‌లో (క్లిప్పును చెప్పిన సమయం దగ్గరే పెట్టేది) మూల సమయముద్రతో వెనక్కి పెట్టుకోవచ్చు కదా?

కోతమాస్టరు:
ఆ ముద్ర రికార్డు చేసిన నాటి స్థానం చెబుతుంది. దగ్గుకు ముందూ వెనుకా రెండు ట్రాకుల్లో కావాలని తీసిన భాగాలు ఎన్నో ఉన్నాయి. అలా పెడితే నా రోజంతటి పని కూడా వెనక్కి పోతుంది. సినిమా సంభాషణలకు అది వరం, ఇక్కడ పనికిరాదు. చివరికి అతిథి ట్రాకులో దగ్గు తర్వాతి భాగమంతా పట్టుకుని చెవితో సరిచూసుకుంటూ జరిపాను. ఆ తర్వాత గంటలో చేసిన కోతలన్నీ మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది.

టేపుతాత:
మీరంతా రిపుల్‌ను కంప్యూటర్ కనిపెట్టిన దెయ్యంలా చూస్తున్నారు. టేపు రోజుల్లో ఉన్నది అదొక్కటే. బ్లేడుతో ముక్క తీసి రెండు కొసలూ అతికిస్తే తర్వాతదంతా దానంతటదే ముందుకొచ్చేది. సెకనుకు 15 అంగుళాల వేగంలో అంగుళం ముక్క అంటే 67 మిల్లీసెకన్లు. కాకపోతే రెండు అంగుళాల టేపు మీద 24 ట్రాకులుంటే కోత ఇరవై నాలుగింటికీ పడేది. బ్లేడుతో కోసి ఒక్క ట్రాకునే ముందుకు జరపడం కుదిరేదే కాదు. కాబట్టి మాస్టరు గారూ, మీ ప్రమాదం రిపుల్‌ది కాదు, దాన్ని ఒక్క ట్రాకుకు వేరు చేయడానిది.

కోతమాస్టరు:
తాత గారూ, ఒప్పుకుంటున్నాను. పేరు మార్చి తిట్టుకుంటాను.

కొత్తచెవి:
వారం క్రితమే మొదలుపెట్టాను. ఇంతకీ నేను ఏది వాడాలి?

అడ్డగీత:
నొక్కి పట్టుకునే మీటలు ముందు నేర్చుకోండి. జెఫ్ రాస్కిన్ అనే రూపకర్త వీటిని పూర్తి మోడ్‌లుగా లెక్కించలేదు. వేలు తీస్తే పాత స్థితి వచ్చేస్తుంది, కాబట్టి మరిచిపోవడానికి వీలులేదు. ప్రో టూల్స్‌లో గ్రిడ్ మోడ్‌లో (క్లిప్పులు కొలత గీతలకే అతుక్కునేది) ఉండి లాగేటప్పుడు కంట్రోల్ లేదా కమాండ్ పట్టుకుంటే అంతసేపే గ్రిడ్ వదులుతుంది. రీపర్‌లో క్లిప్పును లాగేటప్పుడు షిఫ్ట్‌ది అదే పని. లాజిక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కమాండ్ పట్టుకుంటే ముందే ఎంచి పెట్టుకున్న రెండో టూల్ చేతికొస్తుంది.

రాత్రిమిక్స్:
ఇందులో మాత్రం అడ్డగీత గారితో నాకు పేచీ లేదు. నిన్న నా విద్యార్థుల్లో ఒకరికి ట్రాక్ ఎత్తు మూడింతలు పెంచి స్మార్ట్ టూల్ ఇచ్చి చూశాను. అరగంటలో ఒక్క క్లిప్ కూడా పొరపాటున కదలలేదు. అయినా ముప్ఫై ట్రాకుల సెషన్ తెరిచిన రోజున మళ్లీ ఎఫ్7 నొక్కమనే చెబుతాను.

అడ్డగీత:
ఆ రోజు ఎత్తు పెంచమని చెప్పవచ్చు కదండీ!