గుడ్ ఎర్త్‌లో గొప్ప గుండె ఎవరిది, వాంగ్ లంగ్‌దా ఓలాన్‌దా?

ఆదోని పిల్లోడు:
అమెరికా రచయిత్రి పెర్ల్ బక్ 1931లో రాసిన గుడ్ ఎర్త్ నవల మొన్న మళ్లీ చదివినా. చైనాలో పేద రైతు వాంగ్ లంగ్, జమీందారు ఇంట్లో దాసిగా ఉన్న ఓలాన్‌ను పెండ్లి చేసుకుంటాడు, కరువొస్తే ఇంటిల్లిపాదీ దక్షిణాన పట్నం పోతారు, ఆడ ఆయప్ప రిక్షా లాగుతాడు, ఓలాన్, పిల్లలు అడుక్కుంటారు, మళ్లా తిరిగొచ్చి సేద్యం చేసి పెద్దోళ్లయితారు. మా ఫ్రెండ్సంతా హీరో వాంగ్ లంగే అంటారు, నాకైతే ఓలానే. కరువులో ఎద్దును కోయాల్సొస్తే ఆయప్ప గదిలో దుప్పటి తలకు చుట్టుకొని పండుకున్యాడు, కత్తి పట్టింది ఆయమ్మ. రెండో కాన్పయిన రోజే మళ్లా పొలంలోకొచ్చింది. మీరేమంటారు?

అనంత రైతుబిడ్డ:
ఎద్దును కోయలేకపోవడం పిరికితనమా తమ్ముడూ? మా నాయన గడ్డి లేక జత ఎద్దుల్ని సంతకు తోలిన రోజు అన్నం ముట్టల్యా. కడుపు మాడతాన్నా భూమి అమ్మను అన్న మనిషి వాంగ్ లంగ్. మన జిల్లాలో శెనక్కాయ ఎండిపోయి అప్పులోళ్లు వాకిట్లో కూర్చుంటే ఆ మాట అనడం ఎంత కష్టమో చూసినోళ్లకే తెలుస్తాది.

కడప కోడలు:
అన్నా, ఆ సీన్ మళ్లీ చదవండి. భూమి కొనేవాళ్లొచ్చినప్పుడు ఆయన అరిచి, ఆ తర్వాత నిలబడి ఏడుస్తాడు. అప్పుడే ప్రసవించిన ఓలాన్ గోడ పట్టుకోని బయటికొచ్చి, భూమి ఇవ్వం, తిరిగొచ్చినాక మేం ఏం తినాల, బల్లలు మంచాలు వంటపాత్ర తీస్కపోండి, నాగలి పార మాత్రం ఇచ్చేది లేదు అని బేరం తెంపుతుంది. భూమి నిలబడింది ఇద్దరి వల్ల. కానీ ఆ పుట్టిన ఆడబిడ్డ చనిపోయి ఉంటుంది, మెడ మీద నులిమిన గుర్తులున్నాయి కదా, తల్లే చంపిందని అర్థమవుతుంది, దాన్ని మాత్రం నేను ధైర్యం అనలేను, ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి చాలాసేపు ఊరికే కూర్చున్నా.

అనంత రైతుబిడ్డ:
అదే నేను చెప్పేది అమ్మా. పట్నంలో పెద్దకూతుర్ని అమ్మితే ఊరికి పోవచ్చని ఆయమ్మే అనింది. ఆయప్పకు చేతులు రాలేదు. మాటలు రాని ఆ పిల్లను తాను ముసలోడయినాక గూడా చూసుకున్యాడు.

ఆదోని పిల్లోడు:
అన్నా సగమే చెప్తాండావు. నా ఒక్కదాని కోసమైతే అమ్మేకంటే ముందు చంపేస్తా అని గూడా అనింది, ఎందుకంటే తనను చిన్నప్పుడే అమ్మినారు, ఆ ఇంట్లో రోజూ దెబ్బలే. అయినా మొగునికి ఊరు కావాలని ఒప్పుకున్యాది. మా పక్క కోసిగి నుంచి మిరపకోతలకని గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోయేటప్పుడు చూస్తాంటా, బండి మాట్లాడేది మొగోళ్లు, ముసలోళ్లకు బియ్యం కొలిచిపెట్టి పిల్లను సంకనేసుకొని ఎక్కేది ఆడోళ్లు. ఓలాన్ నాకు పుస్తకంలో మనిషి మాదిరి అనిపించల్యా. పట్నంలో డబ్బున్నోళ్ల ఇంటిని జనం దోచుకున్నప్పుడు గోడలో దాచిన నగలు కనిపెట్టింది ఆయమ్మే, తర్వాత ఎకరాలు కొన్నది వాటితోనే. అందులో రెండే రెండు ముత్యాలు ఉంచుకుంటానని అడిగింది. కలిగినాక ఆయప్ప ఆ రెండూ లాక్కొని టీకొట్లో తగులుకున్న వేశ్య లోటస్‌కు ఇచ్చినాడు. ఆమె అప్పుడు బట్టలు ఉతుకుతాంది అన్నా, తడిచేత్తోనే రొమ్ములోంచి తీసి ఇచ్చింది.

అనంత రైతుబిడ్డ:
ముత్యాల దగ్గర నా దగ్గర జవాబు లేదు తమ్ముడూ, ఆడ ఆయప్పను నేనూ క్షమించలేను. భూమి దగ్గర మాత్రం నా మాట మారదు.