ఈ కలంకారీ ముక్క చేత్తో వేసిందేనా?

డిగ్రీ పిల్ల: ఎగ్జిబిషన్‌లో జాకెట్టు ముక్క కొన్నా. పెన్ కలంకారీ అన్నారు. నెమళ్లన్నీ ఒకేలా ఉన్నాయి, డౌటొస్తోంది.

పెడన కోడలు: అయితే అచ్చుపనేమో అమ్మాయ్. మా పెడనలో టేకు అచ్చులతో అద్దుతారు. అదీ చేతిపనే, చిన్నచూపు చూడకు! అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు కాస్త జరిగిందేమో చూడు. వెంట్రుకంత తేడా కూడా లేకపోతే స్క్రీన్ ప్రింటే కావచ్చు. కలంతో గీసేది శ్రీకాళహస్తి వాళ్లు.

కాళహస్తి కుర్రాడు: వాసన చూశారా? మా దగ్గర గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెడతారు. నలుపేమో బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము ఊరబెట్టి తీస్తారు.

డిగ్రీ పిల్ల: వాసన లేదు. తీగ దగ్గర అతుకు జరిగింది!

పెడన కోడలు: ఇంకేం, మావాళ్ల పనే అయ్యుంటుంది. మొదటిసారి విడిగా ఉతుకు, నీడలో ఆరెయ్.