కుట్ల దగ్గర చీము, సెఫ్ట్రియాక్సోన్‌కి లొంగట్లేదు: క్లినిక్‌లో ఎక్కడ వెతకాలి?

రాయగడ_పెట్‌క్లినిక్
రాయగడలో చిన్న క్లినిక్. ఎక్కువగా కుక్కల గర్భసంచి ఆపరేషన్లు, గాయాలు. మధ్యమధ్యలో పల్లెల నుంచి ఆవులు, మేకలు. ఈ మధ్య ఆపరేషన్ అయిన కుక్కలకి నాలుగైదు రోజులకే కుట్ల మధ్య నుంచి చీము వస్తోంది. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే కొంచెం ఆరి మళ్లీ మొదలవుతోంది. అమికాసిన్‌కి మారాలా, మెరోపెనమ్ దాకా వెళ్లాలా? పరికరాల్ని ఆవిరితో స్టెరైల్ చేసే ఆటోక్లేవ్ లేదు, ప్రెషర్ కుక్కరే.

జయపురం_మైక్రో
ముందు శాంపిల్ తీయండి సార్, మందు సంగతి తర్వాత. మెరోపెనమ్ ఊసే వద్దు, అది మనుషుల ఐసీయూలకి మిగలాల్సిన మందు.

పైన కారే చీము తీస్తే చర్మం మీద ఉన్నవన్నీ పెరుగుతాయి, రిపోర్టు చదవడానికి పనికిరాదు. స్టెరైల్ సెలైన్‌తో పైభాగం కడిగి, గాజ్ గుడ్డతో ఒత్తి తుడిచి, లోపలి పొర నుంచి స్వాబ్ తీయండి. గడ్డలా ఉంటే స్టెరైల్ సిరంజితో లాగడం ఇంకా మేలు. స్వాబ్‌ని ఏమీస్ జెల్‌లో (దారిలో క్రిముల్ని బతికించి ఉంచే జెల్) పెట్టి 24 గంటల్లో ల్యాబ్‌కి చేర్చండి. ఉత్త దూదిపుల్లని ఖాళీ ట్యూబులో పంపితే దారిలోనే ఎండిపోతుంది. మీకు గరివిడి వెటర్నరీ కాలేజీ దగ్గర. ఒడిశా వైపు అయితే కటక్ పక్కన ఫులనఖరాలో ఏడీఆర్‌ఐ (జంతు వ్యాధుల పరిశోధన సంస్థ) ఉంది. ఏ రోజు తీసుకుంటారో ఫోన్ చేసి కనుక్కుని పంపండి.

కుక్క గాయంలో మొదట అనుమానించాల్సింది స్టెఫిలోకోకస్ సూడింటర్‌మీడియస్ అనే క్రిమి. దానికి మెకా జన్యువు ఉంటే పెన్సిలిన్లు, సెఫలోస్పోరిన్లు దాదాపు అన్నీ పోయినట్టే. మీ సెఫ్ట్రియాక్సోన్ కూడా అందులోదే. ల్యాబ్‌ని ఒక్క మాట అడగండి: ఆక్సాసిలిన్ డిస్క్ (మందు అద్దిన కాగితం బిళ్ల) పెట్టారా, సెఫాక్సిటిన్ డిస్కా అని. మనుషుల స్టెఫ్ ఆరియస్‌కి సెఫాక్సిటిన్ సరిపోతుంది కానీ ఈ జాతికి అది నమ్మదగింది కాదు. 1 మైక్రోగ్రామ్ ఆక్సాసిలిన్ డిస్క్ చుట్టూ క్రిమి పెరగని వలయం 17 మి.మీ. లేదా అంతకన్నా తక్కువ ఉంటే రెసిస్టెంట్. అప్పుడు అదే కాగితంలో సెఫ్ట్రియాక్సోన్ ఎదురుగా ‘ఎస్’ (మందు పనిచేస్తుంది) అని ఉన్నా పట్టించుకోవద్దు.

గుణుపురం_ఎల్ఐ
కల్చర్ (శాంపిల్‌లోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) ఖర్చుకి ఓనర్లు ఒప్పుకోరు సార్. మేక ధరలో సగం పోయిందంటారు.

జయపురం_మైక్రో
అందరికీ చేయించక్కర్లేదు. ఒకే రకంగా చీము పట్టిన రెండు మూడు కేసులకి క్లినిక్ ఖర్చుతో చేయిస్తే చాలు. అన్నింట్లో ఒకే క్రిమి, ఒకే రెసిస్టెన్స్ పట్టిక వస్తే రోగం మీ గదిలో ఉన్నట్టు. వేర్వేరుగా వస్తే ఒక్కో జంతువుదీ వేరే కథ.

పర్లాకిమిడి_సర్జన్
నా అనుభవంలో దోషి చాలాసార్లు టేబుల్ మీదే కనిపిస్తుంది. ముందు స్పిరిట్ దూది డబ్బా చూడండి. మూత తీసి పెట్టిన స్టీలు డబ్బాలో స్పిరిట్ ఆవిరైపోతుంది, గాఢత 60 శాతం కన్నా కిందికి పోతే చంపే శక్తి తగ్గిపోతుంది. అది ఎంత గాఢంగా ఉన్నా బాసిల్లస్ క్రిముల బీజకణాలు (గట్టి పెంకుతో నిద్రపోయే రూపం) చావవు కూడా. క్లోర్‌హెక్సిడిన్, సెట్రిమైడ్ కలిసిన ద్రవంలో నానబెట్టిన దూది ఇంకా ప్రమాదం. అందులో సూడోమొనాస్, సెర్రాషియా లాంటి క్రిములు హాయిగా బతుకుతాయి. పాతదాంట్లో కొత్తది పోయడం ఆపేయండి. రోజూ డబ్బా ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి, ఆ రోజుకి సరిపడా మాత్రమే నింపండి.

రెండోది రబ్బరు మూతకి గుచ్చి వదిలేసిన సూది. లిగ్నోకైన్, సెలైన్ బాటిళ్లు దేనికైనా అది తెరిచి పెట్టిన తలుపే. ప్రతిసారీ కొత్త సూది, కొత్త సిరంజి, మూత మీద స్పిరిట్ రుద్ది ఆరే దాకా ఆగాలి. తెరిచిన తేదీ బాటిల్ మీదే పెన్నుతో రాయండి.

మూడోది క్లిప్పర్, అంటే వెంట్రుకలు గీసే మిషన్. చీము పట్టిన చర్మం మీద గీసిన బ్లేడునే తర్వాతి కుక్క పొట్ట మీద వాడతారు. వెంట్రుకలు బ్రష్‌తో దులిపి, సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక స్పిరిట్‌లో ముంచాలి. మురికి మీద ఏ డిస్‌ఇన్ఫెక్టెంటూ పని చేయదు. వెంట్రుకలు తీసే పని ఆపరేషన్ గదిలో చేయకూడదు.

ఇక ఆపరేషన్ తర్వాత అయిదు రోజుల యాంటీబయాటిక్ గురించి. శుభ్రమైన గర్భసంచి ఆపరేషన్‌కి అది అక్కర్లేదు. ఇవ్వదలిస్తే కోతకి 30 నుంచి 60 నిమిషాల ముందు సెఫాజోలిన్ కిలోకి 22 మి.గ్రా. నరానికి ఇవ్వండి. 15 కిలోల కుక్కకి 330 మి.గ్రా., అంటే 500 మి.గ్రా. వయల్‌ని 5 మి.లీ.లో కలిపితే 3.3 మి.లీ. ఆపరేషన్ 90 నిమిషాలు దాటితే ఇంకోసారి. ఇంటికి మాత్రలు రాయడం వల్ల కుట్లు కాపాడబడవు, పేగులోని ఈ.కోలై క్రిమికి మాత్రం మందుకి లొంగకుండా శిక్షణ దొరుకుతుంది.

రాయగడ_పెట్‌క్లినిక్
కుక్కర్ సరిపోతుందా? కొత్తగా కోరాపుట్‌లో ఒక యూనిట్ పెడుతున్నాం, అక్కడ కూడా కుక్కరే.

కోరాపుట్_థియేటర్
సరిపోతుంది, వాడే తీరు సరిగ్గా ఉంటే. పరికరాల మీద రక్తం ఎండకముందే బ్రష్‌తో కడగాలి. కత్తెరలు, ఫోర్సెప్స్ తెరిచి పెట్టాలి. రెండు పొరల గుడ్డలో చుట్టి, నీళ్లకి తగలకుండా జాలీ మీద వదులుగా పేర్చాలి. వెయిట్ పెట్టేముందు ఆవిరి ధారగా వచ్చే దాకా ఆగండి. లోపల గాలి మిగిలితే ఒత్తిడి వచ్చినా ఆ వేడి రాదు. ఇక్కడే అందరూ తప్పటడుగు వేస్తారు.

కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడికి సముద్రమట్టంలో 121 వస్తే ఇక్కడ 119.5 దాకానే. గేజ్ ఉన్న ఆటోక్లేవ్ అయితే 16.5 పౌండ్ల దగ్గర ఉంచండి. కుక్కర్ వెయిట్ మార్చలేం కాబట్టి సమయం పెంచండి, ఒత్తిడి నిలబడ్డాక చుట్టిన పరికరాలకి 40 నిమిషాలు. ఊరికే మరిగించిన పరికరాలతో పొట్ట కోయవద్దు, బీజకణాలు అలాగే ఉంటాయి. బయటికి తీసిన మూట తడిగా ఉంటే స్టెరైల్ కానట్టే, తడి గుడ్డ క్రిముల్ని లోపలికి పీలుస్తుంది. ఆటోక్లేవ్ టేపు రంగు మారడం వేడి తగిలిందనడానికే గుర్తు, లోపలంతా చచ్చాయనడానికి కాదు.

గుణుపురం_ఎల్ఐ
నేలకి, టేబుల్‌కి బ్లీచింగ్ పౌడర్ ఎంత?

కోరాపుట్_థియేటర్
30 శాతం క్లోరిన్ ఉన్న పౌడర్ అయితే లీటరుకి 3.3 గ్రాములు, అంటే సుమారు 1000 పీపీఎం (పది లక్షల వంతుల్లో వెయ్యి వంతుల క్లోరిన్). చీము, రక్తం పడ్డ చోట ముందు తుడిచేసి, ఆ తర్వాత 5000 పీపీఎం, లీటరుకి 17 గ్రాములు. పది నిమిషాలు తడిగా ఉండాలి. రోజూ కొత్తగా కలపండి, వానాకాలంలో తెరిచిన పౌడర్ తొందరగా చచ్చిపోతుంది. ఫినాయిల్‌తోనూ యాసిడ్‌తోనూ కలపొద్దు. స్టీలు తుప్పు పడుతుంది కాబట్టి టేబుల్‌ని తర్వాత నీళ్లతో తుడవండి.

పర్లాకిమిడి_సర్జన్
చేతుల కోసం డబ్ల్యూహెచ్ఓ రబ్ మీరే కలుపుకోవచ్చు. లీటరుకి 96 శాతం ఇథనాల్ 833 మి.లీ., 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 42 మి.లీ., గ్లిజరాల్ 14.5 మి.లీ., మిగతాది మరిగించి చల్లార్చిన నీళ్లు. 72 గంటలు పక్కన పెట్టి వాడాలి. చేతికి పేడ, రక్తం ఉంటే మాత్రం సబ్బే.

గుణుపురం_ఎల్ఐ
ఆవుల సంగతి కూడా చెప్పండి. పొదుగు వాపుకి ఊళ్లో ఎవరికి వారు చనుమొనలోకి యాంటీబయాటిక్ ట్యూబులు ఎక్కించేస్తున్నారు.

జయపురం_మైక్రో
రెండు ట్యూబులు ఎక్కించి పాలు తెల్లబడగానే ఆపేస్తారు, స్టెఫ్ ఆరియస్ లోపల మిగిలిపోతుంది. ట్యూబుకి ముందే పాల శాంపిల్ తీయాలి. చనుమొనలు తుడిచేటప్పుడు దూరపువి ముందు, దగ్గరివి తర్వాత. శాంపిల్ పట్టేటప్పుడు దగ్గరివి ముందు, లేకపోతే చేయి తుడిచినవాటికి తగులుతుంది. మొదటి రెండు ధారలు వదిలేసి, 70 శాతం స్పిరిట్ దూదితో మొన రుద్ది, 5 మి.లీ. స్టెరైల్ ట్యూబులో. ఐస్ మీద పంపండి. గేదె తర్వాత గేదెకి ఒకే తడిగుడ్డతో పొదుగు తుడిచే అలవాటు మాన్పించగలిగితే సగం పని అయినట్టే. కోళ్ల దాణాకి కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ ఇంకా అమ్ముతుంటే కొనవద్దు, 2019 జులైలోనే తిండి కోసం పెంచే జంతువులన్నిటికీ నిషేధం వచ్చింది.

కోరాపుట్ వైపు వెళ్లేవాళ్లకి ఇంకోటి. పశువు హఠాత్తుగా చచ్చి ముక్కు, మలద్వారం నుంచి గడ్డకట్టని రక్తం కారుతుంటే దొమ్మ (ఆంత్రాక్స్) అనుకోండి. శవాన్ని కోయవద్దు, స్పిరిట్‌తో బీజకణాలు పోవు.

రాయగడ_పెట్‌క్లినిక్
రెండు స్వాబ్‌లు పంపుతున్నాను. రిపోర్టులో మెకా అని తేలితే ఆ కుక్కని ఎలా చూడాలి?

పర్లాకిమిడి_సర్జన్
ఆ రోజు చివరి కేసుగా పిలవండి. వెయిటింగ్ బెంచీ మీద కూర్చోబెట్టకుండా నేరుగా టేబుల్ మీదికి, తర్వాత టేబుల్‌కి 1000 పీపీఎం. గ్లవ్స్, ఏప్రన్ ఆ కుక్కకే. కట్టు, దూది పసుపు సంచిలోకి, సూది తెల్ల గట్టి డబ్బాలోకి. చర్మం పైపైనే ఉంటే మాత్రలకన్నా 2 నుంచి 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ షాంపూ, వారానికి రెండుసార్లు, పది నిమిషాలు నురగతో ఉంచి కడగడం. నాకకుండా మెడ కాలర్. ఇంట్లో పిల్లలు ఉంటే కట్టు మార్చేది పెద్దవాళ్లే, ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడుక్కోవాలి. కుక్కని ఊరవతల వదిలేయమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. కేస్ కార్డు మీద ఎర్ర పెన్నుతో రాసి పెట్టండి, ఆర్నెల్ల తర్వాత వచ్చినప్పుడు అదే కార్డు చేతికి రావాలి.