పాత కార్ల బ్రోషర్లు: ఏ ఏడాదివో తేల్చడం ఎలా? అతుక్కున్న పేజీల సంగతేంటి?

పటమట_పాతకాగితం:
విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపులో కార్ల బ్రోషర్ల కట్ట దొరికింది, మొత్తం 14. అంబాసిడర్‌వి ఐదు, ప్రీమియర్‌వి నాలుగు, మారుతి 800వి మూడు, స్టాండర్డ్ హెరాల్డ్‌వి రెండు. దేనిమీదా ముద్రించిన సంవత్సరం లేదు. కొన్నింటి వెనక డీలర్ రబ్బరు స్టాంపు ఉంది. పిన్నులు తుప్పు పట్టాయి. రెండింట్లో మధ్య పేజీలు అతుక్కుపోయాయి. ఒక అంబాసిడర్ బ్రోషర్ మాత్రం మరీ తెల్లగా ఉంది, కలర్ జిరాక్సేమో అని అనుమానం. అన్నీ లామినేషన్ చేయించేయమంటున్నారు. చేయించమంటారా?

బ్రోడీపేట_4వలైను:
లామినేషన్ మాట మర్చిపోండి. ఆ వేడికి కరిగిన జిగురు కాగితం పోగుల్లోకి దిగిపోతుంది, ఇక దాన్ని వెనక్కి తీయలేం. లామినేట్ చేసిన బ్రోషర్‌ను సేకరించేవాళ్లెవరూ కొనరు.

అతుక్కున్న పేజీలను చేత్తో లాగకండి. బ్రోషర్లు అచ్చువేసే నున్నటి ఆర్ట్ పేపర్ మీద తెల్లమట్టి పూత ఉంటుంది, ఆ పూతను కాగితానికి పట్టి ఉంచేది జిగురే. తడి తగిలితే ఆ జిగురు మెత్తబడి ఎదుటి పేజీని పట్టుకుంటుంది, ఆరాక రెండూ ఒకటే అట్ట అయిపోతాయి. ఆవిరి పడితే విడిపోతాయని చెప్పేవాళ్లుంటారు. మామూలు కాగితానికైతే ఫరవాలేదు గానీ ఆర్ట్ పేపర్‌కి ఆవిరి పట్టడమంటే మళ్లీ జిగురు రాయడమే. పలచటి పాలిస్టర్ ప్లాస్టిక్ షీటును రెండు వేళ్ల వెడల్పున కత్తిరించి, అంచులో సందు ఉన్నచోట దూర్చి, పేజీకి సమాంతరంగా అటూ ఇటూ కదపండి. టిక్కుమని చప్పుడైందంటే పూత లేస్తోందని అర్థం, అక్కడే ఆపేయండి. బొమ్మ ఉన్నచోట అతుక్కుంటే అలాగే ఉంచడం మేలు.

ఇంకా తడిగా ఉన్న బ్రోషర్ కథ వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్ నగర్‌ను ముంచినట్టు ఎప్పుడైనా నీళ్లొస్తే, తడిసిన ఆర్ట్ పేపర్‌ను ఎండలో పెట్టకండి. పేజీలు అతుక్కునేది ఆరేటప్పుడే. వెంటనే పేజీకీ పేజీకీ మధ్య బేకింగ్ పేపర్ పెట్టి ఫ్యాన్ గాలికి ఆరనివ్వండి. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది. అప్పటికప్పుడు కుదరకపోతే జిప్ కవర్లో పెట్టి డీప్ ఫ్రిజ్‌లో పడేయండి. గడ్డకట్టి ఉన్నన్నాళ్లూ అతుక్కోదు, బూజూ పట్టదు. వీలు చూసుకుని బయటికి తీసి, ఒక్కో పేజీ విడదీసి ఆరబెట్టుకోవచ్చు.

ఇక పిన్నులు. పిన్ను పీకే క్లిప్పు వాడితే తుప్పుతోపాటు కాగితమూ ఊడొస్తుంది. మధ్య పేజీ తెరిచి, పిన్ను కాళ్ల కింద సన్నటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, కాళ్లను బ్లేడు మొద్దువైపుతో నిలువుగా లేపండి. తర్వాత బ్రోషర్ తిప్పి వెన్నువైపు నుంచి మెల్లగా బయటికి తీయండి. అవే రంధ్రాల్లోంచి తెల్ల నూలుదారం పోసి లోపలివైపు వదులుగా ముడేస్తే చాలు. తుప్పుమరకకు నిమ్మరసం లాంటివి రాయకండి, కాగితం బలం పోతుంది.

అంబీ_మార్క్3:
సంవత్సరాల సంగతి నేను చెప్తాను. అంబాసిడర్‌కి ముందు గ్రిల్ చూడండి. సన్నటి గళ్ల గ్రిల్ ఉంటే 1962లో వచ్చిన మార్క్ 2. అడ్డపట్టీలైతే 1975 నాటి మార్క్ 3. పెద్ద గళ్లు, విడిగా చదరపు పార్కింగ్ లైట్లు ఉంటే 1979 తర్వాతి మార్క్ 4. మొదటి మోడల్ బ్రోషర్ మీద ‘మార్క్ 1’ అని ఉండదు, మార్క్ 2 వచ్చాకే పాతదాన్ని అలా పిలవడం మొదలైంది. ఆ పేరుతో ‘ఒరిజినల్’ అని ఎవరైనా అమ్మజూపితే ఒకటికి రెండుసార్లు చూడండి.

ప్రీమియర్‌వి పేరు చూస్తే సగం తేలిపోతుంది. ఫియట్ 1100 డిలైట్ అని ఉంటే 1964 తర్వాతిది, పద్మిని అని ఉంటే 1974 తర్వాతిది. ఈ రెంటికీ మధ్య కొద్దికాలమే నడిచిన పేరు ప్రీమియర్ ప్రెసిడెంట్. మీ నాలుగింట్లో అది ఒక్కటున్నా అన్నింటికంటే జాగ్రత్తగా దాచాల్సింది అదే. మారుతి 800 అమ్మకాలు 1983 డిసెంబరులో మొదలయ్యాయి. 1986లో బాడీ మారింది కాబట్టి, పాత బాడీ బొమ్మ ఉంటే అది ఆ మధ్య రెండున్నరేళ్లలోదే. లోపల విడి ధరల కాగితం, రంగుల కార్డు ఉన్నాయేమో చూడండి. ఉంటే వాటిని బ్రోషర్‌తోనే ఉంచండి.

పటమట_పాతకాగితం:
అన్నా, ఒక పద్మిని మీద స్టాంపులో ‘విజయవాడ-2’ అని మాత్రమే ఉంది. ఇంకోదాని మీద 520 002 అని ఉంది. దీన్నిబట్టి ఏమైనా చెప్పగలమా?

అంబీ_మార్క్3:
పిన్‌కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. కాబట్టి ఆరంకెలున్న స్టాంపు ఆ తేదీకి ముందుది కాదు, ఇది గట్టి సాక్ష్యం. కానీ పిన్‌కోడ్ లేదు కాబట్టి అంతకు ముందుదని మాత్రం చెప్పలేం. పిన్‌కోడ్ వచ్చాక కూడా ఏళ్ల తరబడి జనం ‘విజయవాడ-2’ అనే రాశారు, మీ పద్మినే అందుకు రుజువు. పైగా స్టాంపు చెప్పేది డీలర్ ముద్ర కొట్టిన కాలం, అచ్చయిన కాలం కాదు. ఊరి పేర్లూ అలాగే వాడుకోవచ్చు: హెరాల్డ్ బ్రోషర్ మీద ‘మద్రాస్’ బదులు ‘చెన్నై’ కనిపిస్తే అది 1996 తర్వాత ఎవరో మళ్లీ వేసింది.

ఆటోనగర్_కాగితాలు:
ఆ తెల్లటి అంబాసిడర్ గురించి. 10 రెట్లు పెద్దగా చూపించే లూప్ (చిన్న భూతద్దం) ఒకటి కొనండి. ప్రెస్సులో వేసే ఆఫ్‌సెట్ ముద్రణలో నాలుగు రంగుల చుక్కలు వరసగా, చిన్న పువ్వుల్లా అమరి ఉంటాయి. ఇంక్‌జెట్‌లో చుక్కలు చెదిరినట్టు కనిపిస్తాయి. కానీ దొంగకాపీ కూడా ఆఫ్‌సెట్‌లో వేయొచ్చు, కాబట్టి లూప్ ఒక్కదాన్నే నమ్మకండి. మడత మీద వేలు రాయండి. అసలుదైతే మడతలో సిరా పగిలి తెల్ల పోగు పైకి లేచి వేలికి తగులుతుంది. కాపీలో మడత బొమ్మలో కనబడుతుంది గానీ వేలికి నున్నగా ఉంటుంది. పాత పిన్ను రంధ్రాలు నల్లచుక్కలుగా అచ్చయ్యాయేమో కూడా చూడండి.

దాచడానికి పాలిస్టర్ కవర్లు గానీ పాలీప్రొపిలీన్ కవర్లు గానీ తీసుకోండి. ఫైళ్లకు వాడే మెత్తటి పీవీసీ కవర్లు వద్దు. వాటిలోంచి జిడ్డు ఊరి అచ్చు కవర్‌కే అంటుకుపోతుంది, మే నెల ఎండలకు మరీనూ. అటక మీద, పడమటి గోడకు ఆనించిన బీరువాలో పెట్టకండి. మూత బిగువుగా ఉన్న 20 లీటర్ల డబ్బాలో తేమ పీల్చే నారింజరంగు సిలికా జెల్ 100 గ్రాములతో మొదలుపెట్టి, లోపల చిన్న హైగ్రోమీటర్ (గాలిలో తేమ కొలిచేది) ఉంచండి. తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలి. 60 దాటితే జెల్ పెంచండి, 40 కిందికి దిగితే కొంత తీసేయండి, కాగితం పెళుసెక్కుతుంది. జెల్ ఆకుపచ్చగా మారితే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర గంటన్నర వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు.

కొత్తగా కొన్న కట్టను నేరుగా పాతవాటితో కలపొద్దు. పుస్తకాల్లో పాకే వెండిరంగు పురుగు, దాని గుడ్లు లోపలుంటాయి. పొడిగా ఉన్నవాటిని జిప్ కవర్లో గాలి తీసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలుంచండి. తీశాక కవర్ వెంటనే విప్పకండి. ఒక రోజంతా గది వేడికి రానివ్వాలి. లేకపోతే చల్లటి ఆర్ట్ పేపర్ మీద చెమ్మ పట్టి, పైన చెప్పిన అతుకుడు మీ చేతులతోనే మొదలవుతుంది.